టాయ్ హాలర్‌లో బండి కట్టడం కుటుంబ భద్రతకు సంబంధించిన విషయం

సంపాదకులు గారికి నమస్కారం.

టాయ్ హాలర్ ట్రైలర్లను అద్దెకు తీసుకుని, మోటారు సైకిళ్లను అందులో ఎక్కించుకుని, కొలరాడో కొండలకో బిగ్ బెండ్ ఎడారికో వెళ్లివస్తున్న తెలుగు కుటుంబాల యాత్రా కథనాలు కొంతకాలంగా మీ పత్రిక ప్రవాసుల పేజీలో తరచుగా వస్తున్నాయి. టెక్సాస్‌లో ఉంటూ ఈ-పేపర్‌లో వాటిని చదివే నాలాంటి వారికి అవి ఎంతో సంతోషం కలిగిస్తున్నాయి. అయితే ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగారో, ఏం వండుకున్నారో అన్నీ వివరంగా ఉంటున్నాయి గానీ, అంత బరువున్న బండిని వందల మైళ్లు కదలకుండా ఎలా కట్టి తీసుకెళ్లారన్న సంగతి ఒక్క వాక్యంలోనైనా కనిపించడం లేదు. ఈ మధ్య వచ్చిన ఒక ఫోటోలో బండి హ్యాండిల్‌కు పచ్చ నైలాన్ తాడు చుట్టి, దాని రెండో కొసను వంటగట్టు కింది అల్మారా పిడికి ముడివేసి ఉండటం స్పష్టంగా కనిపించింది. ఆ కుటుంబం క్షేమంగా తిరిగి వచ్చినందుకు సంతోషిస్తున్నాను. కానీ ఆ ఫోటో చూసి, కట్టే పద్ధతి అదేనని ఇంకొకరు అనుకోకూడదన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

టాయ్ హాలర్‌ను చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇది పికప్ ట్రక్కు వెనక తగిలించి లాగే ఇల్లు లాంటి ట్రైలర్. ముందు భాగంలో వంటగది, స్నానాల గది, మంచం ఉంటాయి. వెనక భాగం బళ్లు నిలిపే గ్యారేజీ. వెనక గోడే కిందికి వాలి ర్యాంపు అవుతుంది. గమ్యం చేరి బళ్లు దించేశాక, పైకప్పుకు ఆనుకుని ఉన్న మంచాలు కిందికి దిగి, అంతవరకు గ్యారేజీగా ఉన్న చోటే పడకగదిగా మారుతుంది. కొన్ని మోడళ్లలో గ్యారేజీకి, ఇంటికి మధ్య గోడ ఉంటుంది. చాలావాటిలో అదీ ఉండదు. బండి పడిపోతే సోఫా మీదో, ఫ్రిజ్ మీదో, పొయ్యికి వెళ్లే ప్రొపేన్ గొట్టాలున్న అల్మారా మీదో పడుతుంది. మామూలు లగేజీ ట్రైలర్‌లో బండి కట్టడానికి, ఇందులో కట్టడానికి ఉన్న తేడా ఇదే.

బండి ఎంత బలంతో తోస్తుందో ముందుగా తెలుసుకోవాలి. అమెరికాలో సరుకు రవాణా చేసే వాణిజ్య వాహనాలకు ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన నిబంధన ప్రకారం, కట్టిన సరుకు ముందువైపుకు తన బరువులో 80 శాతానికి సమానమైన తోపుడును, వెనకకు, పక్కలకు 50 శాతం తోపుడును తట్టుకుని నిలవాలి. మన విహారయాత్రలకు ఆ నిబంధన వర్తించకపోయినా, దానికన్నా మంచి కొలత నాకు కనిపించదు. మనవాళ్లు ఇక్కడ ఇష్టపడి కొనుక్కుంటున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. గట్టిగా బ్రేకు వేస్తే అది ముందుకు సుమారు 157 కిలోల బలంతో తోస్తుంది. దాదాపు 380 కిలోలుండే హోండా గోల్డ్ వింగ్ టూర్ అయితే 300 కిలోలు దాటుతుంది. అల్మారా పిడిని పట్టి ఉంచేవి రెండు చిన్న స్క్రూలు మాత్రమే.

అందుకే తయారీదారులు గ్యారేజీ నేలలో డి ఆకారపు ఇనుప రింగులు బిగిస్తారు. అవి కింద ఉన్న ఉక్కు చట్రానికి బోల్టులతో బిగించి ఉంటేనే వాటికి విలువ. నేలంతా ప్లైవుడ్ పలకే కాబట్టి, ఎవరో తర్వాత వేసిన రింగు చెక్క స్క్రూల మీద మాత్రమే నిలబడి ఉంటే, పైకి చూడటానికి ఎంత దృఢంగా ఉన్నా ఒక్క కుదుపుకు పలక చీల్చుకుని పైకి వస్తుంది. ట్రైలర్ అద్దెకు తీసుకునేటప్పుడు ఏసీ పనిచేస్తోందా, టీవీ వస్తోందా అని అడుగుతున్నాం. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ రింగులు కంపెనీ బిగించినవేనా? ఒక్కో రింగు ఎంత బరువు తట్టుకుంటుందని మాన్యువల్‌లో రాశారు? యజమాని జవాబు చెప్పలేకపోతే, కింద దూరి టార్చి వేసి, బోల్టు చట్రం గుండా వచ్చిందో లేదో చూసుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలే.

ఇక తాడు గురించి. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. బండి కట్టడానికి పాలియెస్టర్ పట్టీలే వాడాలి. ప్రతి మంచి పట్టీకీ ఒక చిన్న లేబుల్ కుట్టి ఉంటుంది. దాని మీద పట్టీ తెగిపోయే బరువు ఒకటి, సురక్షితంగా మోయగల బరువు ఒకటి వేరువేరుగా ఉంటాయి. రెండోది మొదటిదానిలో మూడో వంతు. తెగే బరువు 1,500 పౌండ్లని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటే, మనం లెక్కలోకి తీసుకోవలసింది 500 పౌండ్లే, అంటే సుమారు 227 కిలోలు. లేబుల్ లేని పట్టీని, అంచు పీచులు లేచిన పట్టీని, ఎండకు రంగు వెలిసి బిరుసెక్కిన పట్టీని, చాలలేదని మధ్యలో ముడివేసిన పట్టీని వాడకూడదు. ముడి పడిన చోట పట్టీ బలం బాగా తగ్గిపోతుంది.

అయితే మంచి రింగు, మంచి పట్టీ ఉన్నా బండి పడిపోవచ్చు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమందికి తెలియనిది ఇదే. డల్లాస్ నుంచి అమరిల్లో వైపు వెళ్లే 287వ నంబరు రహదారి మీద, చిల్డ్రెస్ దగ్గర ఒక బంకులో, ఇద్దరు తెలుగు కుర్రాళ్లు తమ టాయ్ హాలర్ ర్యాంపు దించి లోపలికి చూస్తూ నిలబడిపోవడం కనిపించి నేనూ వెళ్లి చూశాను. ముందు చక్రానికి రెండు వైపులా పట్టీలు కట్టారు. ఎడమవైపు పట్టీ కొక్కెం రింగులోంచి జారి నేల మీద పడి ఉంది. బండి కుడివైపుకు ఒరిగి, దాని అద్దం అల్మారా తలుపులోకి దిగబడి ఉంది. పట్టీ తెగలేదు, దాన్ని బిగించే మర అయిన రాచెట్ ఊడలేదు, రింగు వంగలేదు. "డల్లాస్‌లో ఇంక బిగియదు అనేదాకా బిగించాం అన్నా" అని ఒక అబ్బాయి అన్నాడు. అతను చెప్పింది నిజమే. కానీ బిగించింది బండి షాకబ్జర్లు తమ మామూలు ఎత్తులో ఉండగా. దారిలో గుంట వచ్చినప్పుడు బండి ముందు భాగం రెండు మూడు అంగుళాలు కిందికి దిగుతుంది. ఆ రెప్పపాటులో పట్టీ వదులవుతుంది. మూతలేని ఎస్ ఆకారపు కొక్కెం అప్పుడే రింగులోంచి తప్పుకుంటుంది.

దీనికి విరుగుడు చాలా తేలిక. ముందు చక్రాన్ని వీల్ చాక్ అనే ఇనుప చట్రంలోకి తోసి, ఒకరు బండి మీద కూర్చుని హ్యాండిల్‌ను కిందికి అదమాలి. ఇంకొకరు రెండువైపులా పట్టీలను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. ముందు షాకబ్జర్లు తాము దిగగల దూరంలో మూడో వంతు నుంచి సగం వరకు దిగాలి. హిమాలయన్ 450కు ముందు సస్పెన్షన్ దిగే దూరం 200 మిల్లీమీటర్లు కాబట్టి, దాదాపు మూడు నుంచి నాలుగు అంగుళాలు అన్నమాట. ఇలా అణచి ఉంచిన స్ప్రింగు ఎప్పుడూ పైకి తంతూనే ఉంటుంది, కాబట్టి గుంట వచ్చినా పట్టీ బిగువు పోదు. పూర్తిగా అడుగంటేదాకా లాగడం కూడా మంచిది కాదు. అప్పుడు కుదుపును తీసుకోవడానికి స్ప్రింగుకు చోటుండదు. ఆ దెబ్బంతా పట్టీల మీద, ముందు చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే ఫోర్కుల సీళ్ల మీద పడుతుంది. కొక్కెం విషయానికొస్తే, స్ప్రింగు మూత ఉన్నదే కొనాలి. ఖరీదులో తేడా చాలా తక్కువ.

పట్టీని బండికి ఎక్కడ తగిలించాలన్నది కూడా ముఖ్యమే. హ్యాండిల్ చివరన రబ్బరు పిడికి తగిలిస్తే హ్యాండిల్ తిరిగిపోతుంది, క్లచ్ తీగ, బ్రేకు గొట్టం నలిగిపోతాయి. రెండు ఫోర్కులనూ కలిపి పట్టుకునే కింది క్లాంపుకు మెత్తని గుడ్డ లూపు వేసి, ఆ లూపుకే కొక్కెం తగిలించాలి. అక్కడి నుంచి పట్టీ ముందుకు, పక్కకు, కిందికి దాదాపు 45 డిగ్రీల వాలులో రింగుకు చేరాలి. వెనకవైపు ఇంకో రెండు పట్టీలు వెనక సీటు ఫుట్‌రెస్ట్ బిగించిన చోటి నుంచి వెనకకు, పక్కలకు లాగాలి. వెనక పట్టీలు లేకపోతే ముందు చక్రం ఎంత గట్టిగా ఉన్నా, వెనక చక్రం గతుకు గతుకుకూ పక్కకు ఎగిరి, చివరకు బండి ఏటవాలుగా నిలబడుతుంది. సైడ్ స్టాండు పైకి మడిచి ఉంచాలి. పట్టీల లాగుడంతా ఆ ఒక్క కాలి మీద పడితే స్టాండు వంగుతుంది, లేదా ప్లైవుడ్‌లోకి దిగబడుతుంది. బండి మొదటి గేరులో ఉండాలి. మిగిలిన పట్టీ కొసలను చుట్టి కట్టేయాలి. బయలుదేరిన పాతిక, యాభై మైళ్లలో ఒకసారి ఆగి బిగువు చూసుకోవాలి, తర్వాత ఆగిన ప్రతిచోటా చూసుకోవాలి.

బండి ఎంత బాగా కట్టినా అది ట్రైలర్‌లో తప్పు చోట ఉంటే ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. బంపరు వెనక హిచ్‌కు, అంటే ట్రైలర్‌ను లాగే కొక్కేనికి, తగిలించే ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు ముక్కు మీద, అంటే ట్రక్కు హిచ్ మీద ఉండాలి. టాయ్ హాలర్ గ్యారేజీ ఇరుసుల వెనక ఉంటుంది కాబట్టి, అక్కడ పెట్టిన ప్రతి కిలో తూగుడు బల్లలా ముక్కును పైకి లేపుతుంది. ముక్కు తేలికైతే పెద్ద లారీ దాటిపోయిన గాలికే, అమరిల్లో పరిసరాల్లో అడ్డంగా వీచే ఈదురుగాలికే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ ఊపు పెరిగితే ట్రక్కునే పక్కకు ఈడ్చుకుపోతుంది. అందువల్ల బళ్లను గ్యారేజీలో వీలైనంత ముందుకు జరిపి కట్టాలి. నీళ్ల ట్యాంకు సంగతి కూడా మరవకూడదు. 100 గ్యాలన్ల నీళ్లంటే 830 పౌండ్లు, అంటే ఇంకో గోల్డ్ వింగ్ ఎక్కించినంత బరువు. ట్రైలర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఎంత సరుకు వేయవచ్చో రాసి ఉంటుంది. బళ్లు, నీళ్లు, బట్టలు, బియ్యం బస్తా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పశ్చిమ టెక్సాస్‌లో ఐ-10 మీద 80 మైళ్ల వేగానికి అనుమతి ఉన్నా, ట్రైలర్ టైరు మీద ఎల్ అనే అక్షరం ఉంటే దాని హద్దు 75 మైళ్లే. పాత టైర్లలో చాలావాటికి 65 మాత్రమే.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది నేలబారున పరుచుకుంటుంది. అదే గదిలో ప్రొపేన్‌తో పనిచేసే హీటరు, ఫ్రిజ్, పొయ్యి ఉంటాయి. ప్రయాణంలో బండి ఒరిగి ట్యాంకు మూత దగ్గర కొన్ని చుక్కలు కారినా, మూసిన గదిలో అవి చాలు. పెట్రోలు ట్యాంకును అంచుదాకా నింపకుండా ఉండటం, పాత కార్బురేటర్ బళ్లకు పెట్రోలు కుళాయి కట్టేయడం, గోడ అడుగున ఉండే గాలి రంధ్రాలను సామానుతో మూసేయకుండా చూడటం, రాత్రి మంచాలు దించేముందు బళ్లను, పెట్రోలు డబ్బాలను బయట పెట్టి కాసేపు తలుపులన్నీ తెరిచి ఉంచడం తప్పనిసరి. నేలకు దగ్గరగా బిగించిన గ్యాస్ అలారం మోగితే, చప్పుడు భరించలేక దాని ఫ్యూజు తీసేసిన వారిని నేను చూశాను. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఇప్పుడు ఈ ఉత్తరానికి అసలు కారణమైన విషయానికి వస్తాను. వేసవిలో మన తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, ఊళ్ల నుంచి ఇక్కడికి వస్తారు. వారిని కూడా ఈ యాత్రలకు తీసుకెళ్తాం. ట్రక్కులో గంటల తరబడి కూర్చోలేక నడుం నొప్పి అంటారు. వెనక ట్రైలర్‌లో మెత్తటి మంచం ఉంది కదా, కాసేపు పడుకోండి అని పిల్లలు ప్రేమతోనే అంటారు. నాకు తెలిసిన రెండు మూడు కుటుంబాల్లోనే ఇలా జరిగింది. టెక్సాస్‌లో కదులుతున్న హౌస్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచినా, ఆ మంచానికి సీటు బెల్టు ఉండదు, డ్రైవరును పిలిచే దారి ఉండదు, నాలుగు అడుగుల దూరంలో రెండు వందల కిలోల బండి ఉంటుంది. దాన్ని ఎంత బాగా కట్టామన్న నమ్మకంతోనైనా అమ్మానాన్నలను ఆ పక్కన పడుకోబెట్టకూడదు. నడుం నొప్పి ఉన్నవారి కోసం గంటన్నరకొకసారి ఆగుదాం, లేదా ప్రయాణాన్ని రెండు రోజులకు పంచుకుందాం. ఈ పత్రికను ఊళ్లో చదివే తల్లిదండ్రులు కూడా, ట్రైలర్ కదిలేటప్పుడు వెనక ఎక్కమంటే ఎక్కేది లేదని గట్టిగా చెప్పాలని వేడుకుంటున్నాను.

మన ఊళ్లలో ఇల్లు మారేటప్పుడు బండిని ట్రాలీ ఆటోలోనో టాటా ఏస్‌లోనో ఎక్కించి, రెండు పక్కలా రెయిలింగుకు తాళ్లు కట్టి, ఒక కుర్రాణ్ని దాని మీద కూర్చోబెట్టి పట్టుకోమంటారు. వీధులు దాటి నెమ్మదిగా వెళ్లే ఆ ప్రయాణంలోనూ అది ప్రమాదమే. ఆ అలవాటే ఇక్కడికి వచ్చి, గంటకు 65 మైళ్ల వేగంలో అల్మారా పిడికి తాడు కట్టించిందని నా అభిప్రాయం. అక్కడి ట్రాలీలోనైనా, ఇక్కడి ట్రైలర్‌లోనైనా బండి మీద మనిషి కూర్చోవలసింది నిలిచి ఉన్న వాహనంలో పట్టీ బిగించేటప్పుడు మాత్రమే.

దించేటప్పటి జాగ్రత్త ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పట్టీలు విప్పేముందు సైడ్ స్టాండు వేసి, ఒకరు బండిని పట్టుకోవాలి. స్టాండు ఎడమవైపు ఉంటుంది కాబట్టి ముందుగా కుడివైపు పట్టీనే నెమ్మదిగా వదలాలి. ఎడమది ముందు విప్పితే, కుడి పట్టీ బండిని ఏ ఆధారమూ లేని వైపుకు లాగి పడేస్తుంది. వెనక్కి నడిపిస్తూ ర్యాంపు దించేటప్పుడు బరువంతా వెనక చక్రం మీదకు వస్తుంది, కాబట్టి ముందు బ్రేకు పట్టినా ముందు చక్రం జారుతుంది. ఇంజను ఆపి, గేరులో ఉంచి, క్లచ్చును కొద్దికొద్దిగా వదులుతూ దించితే వెనక చక్రమే బ్రేకులా పనిచేస్తుంది. వాన పడి ర్యాంపు తడిగా ఉంటే తుడిచి ఆరనివ్వాలి. పక్కన పెద్దవాళ్లు ఇంకొకరు లేకుండా ఈ పని చేయకూడదు.

మీకు నా విన్నపం ఏమిటంటే, ఇకమీదట ఇలాంటి యాత్రా కథనం వచ్చినప్పుడు, బండి ఎలా కట్టారో రాసిన వారిని అడిగి, ఆ ఫోటో కూడా వేయండి. తప్పు పద్ధతి కనిపిస్తే ఆ ఫోటోను పక్కన పెట్టండి. అమెరికాలోని తెలుగు సంఘాలు ఏటా వసంతంలో వనభోజనాలు పెడుతున్నాయి. అక్కడ ఒక టాయ్ హాలర్, ఒక బండి, నాలుగు పట్టీలు తెచ్చి అరగంట చేసి చూపిస్తే, చదివి తెలుసుకునేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. బండి మీద కూర్చుని అదిమితే పట్టీ ఎంత బిగువెక్కుతుందో చేత్తో పట్టుకుని చూసినవారు దాన్ని మరచిపోరు. ట్రైలర్లు అద్దెకిచ్చే మన తెలుగువారు కూడా ఇప్పుడు ఈ ప్రాంతంలో కొందరున్నారు. తాళం చెవులు ఇచ్చేటప్పుడు రింగుల బలం రాసిన కాగితం ఒకటి, లేబుల్ ఉన్న పట్టీలు నాలుగు కూడా ఇవ్వాలని వారిని కోరుతున్నాను. ఫ్రిస్కో, ప్రాస్పర్ పరిసరాల్లో ఏ సంఘమైనా అలాంటి ప్రదర్శన పెడితే, నా బండినీ పట్టీలనూ తీసుకుని వచ్చి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్